గాలివానకు మనస్సును సిద్ధపరచుకొనుట

మన పెద్దలలో ఒక నమ్మకం ఉన్నది. ఇంటి చూరు మీద తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారనీ, మనం ఏ మాట అన్నా 'తథాస్తు' అని పోతారనీ, కావున నోట చెడుమాట రానీయకూడదనీ చెబుతారు. అందుకే ఇంట్లో బియ్యం అయిపోతే 'లేవు' అనక 'నిండుకొన్నవి' అంటాం. దీపం ఆరిపోతే 'కొండెక్కినది' అంటాం. ఈ మర్యాదలో ఒక అందం ఉన్నది, కాదనను. కాని 'రేపు ఉప్పెన వస్తే మనం ఎటు పోతాం?' అని ఇంట్లో కుర్రవాడు అడిగినప్పుడు, 'శుభమా అని పండుగ పూట ఏమిటా మాటలు!' అని వాడి నోరు మూయించడానికి కూడా ఈ మర్యాదే ఉపయోగపడుతున్నది. రాగల ఆపదను ముందుగా తలచుకోవడం తప్పా, తలచుకోకపోవడం తప్పా? బరంపురంలో, యానాంలో, చెన్నైలో తీరం వెంబడి దుకాణాలు పెట్టుకొని తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలకు ఇది పొద్దుపోవడానికి చేసే తత్త్వవిచారం కాదు.

భయపడడం వేరు, ఆలోచించడం వేరు. భయం ఒకే చిత్రాన్ని పదే పదే చూపుతుంది, చేతులు కట్టివేస్తుంది. ఆలోచన ప్రశ్నలు వేస్తుంది: నడవలేని అవ్వను ఎవరు ఎత్తుకోవలె? మంచినీళ్ళ బిందె ఎక్కడ ఉండవలె? మొదటి గంటలో తలుపు తాళం ఎవరి చేతిలో ఉంటుంది? వ్యాపారస్థుడెవడూ తన పుస్తకంలో రానిబాకీల పద్దు ఉండడాన్ని అపశకునం అనుకోడు. ఆ పద్దుకు ముందుగా కొంత తీసి ఉంచినవాడిని బుద్ధిమంతుడంటాం. అంత బుద్ధిమంతుడు కూడా తన ఇంటి విషయం వచ్చేసరికి ఆ పద్దు తెరవడానికి జంకుతాడు. ఇది వింతగానే ఉంటుంది గాని, లోకంలో సర్వత్రా ఉన్నదే.

తీరప్రాంతాలకు ఈ జంకు ఎంత ఖరీదు పెట్టించినదో చరిత్రలో ఉన్నది. కాకినాడకూ యానాంకూ నడుమ ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒకమారు, 1839లో మరొకమారు ఉప్పెన దానిని ముంచినది. నేడు ఆ పేరు మడ అడవులకు మిగిలినది గాని ఆ రేవు వైభవం మిగలలేదు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని సముద్రం కప్పి సుమారు 30,000 మందిని తీసుకొనిపోయినది. ఆ ప్రక్కనే ఉన్న దివిసీమను 1977 నవంబరు 19న మరల ముంచినది. సర్కారు లెక్కలలోనే మరణాలు పదివేల వరకు పోయినవి. ఈ రెండిటికీ నడుమ 113 సంవత్సరాలు. ఒక తరం చూసినది, దాని తరువాతి తరం విన్నది, మూడవ తరానికి అది కథ అయినది, నాలుగవ తరానికి కథ కూడా కాలేదు. సముద్రానికి మన తరాలతో పని లేదు గదా.

ఈ విషయంలో ఒడిషా తీరం మనకు రెండు దృష్టాంతాలను ప్రక్కప్రక్కన పెట్టి చూపుతున్నది. 1999 అక్టోబరులో ఆ తీరాన్ని రెండు తుపానులు తాకినవి. మొదటిది నెల నడుమ గంజాం జిల్లాలో, గోపాలపూర్ దగ్గర. ఆ గాయం మానకముందే 29వ తేదీన పారాదీప్ దగ్గర మహా తుపాను, గంటకు 250 కిలోమీటర్లకు మించిన గాలితో. దాదాపు పదివేల మంది పోయినారు. జగత్సింగ్‌పూర్ జిల్లాలోని ఎరసమ ప్రాంతంలోనే వారిలో చాలమంది. హెచ్చరికలు రాలేదని కాదు, వచ్చినవి. అయితే పోవడానికి చోటు లేదు, తుపాను రక్షణ భవనాలు చాల కొద్ది. చోటున్నచోట కూడా కదలని వారు ఎందరో. 2013 అక్టోబరు 12న, దసరా రోజులలో, 'ఫైలిన్' అదే గోపాలపూర్ దగ్గర తీరం దాటినది. ఈసారి తుపాను రాకముందే దాదాపు పది లక్షల మంది ఇళ్ళు విడిచినారు. మరణాలు వేలలో కాదు, వందలలో కూడా కాదు, పదులలోనే నిలిచినవి. 2019 మే 3న పూరీ దగ్గర 'ఫణి' వచ్చినప్పుడు ఇంచుమించు పన్నెండు లక్షల మందిని తరలించినారు.

ఈ పదునాలుగేళ్ళ నడుమ జరిగినదేమి? 1999లోనే ఆ రాష్ట్రం విపత్తుల పనికి ప్రత్యేక సంస్థను నెలకొల్పినది. రక్షణ భవనాలు వందల సంఖ్యలో లేచినవి. వాతావరణ శాస్త్రం పెరిగినది. చేతిచేతికీ ఫోనులు వచ్చినవి. ఇవన్నీ నిజమే, వీటి ఘనతను తగ్గించను. కాని భవనం ఉన్నంత మాత్రాన మనిషి దానిలోకి నడిచిపోడు. ఏటా తుపాను కాలానికి ముందు గ్రామాలలో అభ్యాసం జరుపుతారు: కూత వేస్తారు, జనం నడుస్తారు, పసిపిల్లల తల్లులను, ముసలివారిని ముందు చేరుస్తారు. చూసేవారికి అది నాటకం వలె కనబడవచ్చును. కాని ఒకసారి వట్టి రోజున ఇల్లు విడిచి నడిచిన కాళ్ళకు గాలి రోజున ఆ దారి తెలుస్తుంది. అంతకంటె ముఖ్యం, 'ఇల్లు విడిచిపోవడం' అన్నది మనస్సుకు అదివరకే జరిగిన పని అవుతుంది.

హెచ్చరిక విని కూడా మనిషి ఎందుకు కదలడు? తెలివితక్కువ అని కొట్టివేయరాదు. పశువులు ఉంటాయి. తలుపు తీసి పోతే దొంగలు పడతారన్న భయం ఉంటుంది. క్రిందటిసారి హెచ్చరిక వచ్చి గాలి మరొక వైపు తిరిగిన సంగతి జ్ఞాపకం ఉంటుంది. ఓడరేవులలో ఎగురవేసే ప్రమాద సూచికల నంబర్లను వినీ వినీ తీరవాసికి చెవి కాయ కాస్తుంది. మూడవ నంబరుకూ పదవ నంబరుకూ తేడా ఒక అంకె మాత్రంగానే వినబడుతుంది. ఆపైన ప్రక్కింటివాడు కదలలేదు గదా అని ఇతడు, ఇతడు కదలలేదు గదా అని ప్రక్కింటివాడు. ఇంట్లో పెద్దాయన ఉంటే, 'నేను చూసిన గాలివానల ముందు ఇదెంత' అంటారు. ఆయన చూసినవన్నీ బ్రతికి బయటపడినవే. ఆయనను ముంచదగిన గాలి ఎట్లా ఉంటుందో ఆయన చూసి ఉండరు. పెద్దల మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను.

ఇక దుకాణదారు సంగతి వేరు చెప్పవలెనా! అతని ప్రాణం సగం అరలలో ఉంటుంది. క్రింది అరలో బస్తాలు, పై అరలో పెట్టెలు, బల్ల సొరుగులో చిల్లర, గోడకు మూడు తరాల పటాలు. హెచ్చరిక వచ్చిన సాయంత్రం అతని మనస్సు ఒకేసారి నూరు నిర్ణయాలు చేయవలసి వస్తుంది: ఏ బస్తా పైకి ఎత్తవలె, ఏది వదలవలె, గుమాస్తాను ఇంటికి పంపవలెనా ఉంచవలెనా, షట్టరు వేసి పోవలెనా లోపలే కాపలా పడుకోవలెనా. నూరు నిర్ణయాలు ఒక్కసారి మీద పడితే మనస్సు ఏదీ చేయదు, ఉన్నచోటనే కూర్చుంటుంది. ఆ కూర్చోవడాన్ని మనం ధైర్యం అనుకొంటాం. చాలసార్లు అది ధైర్యం కాదు, నిర్ణయించలేకపోవడం.

కాబట్టి నేను చెప్పదలచినది ఒక్కటే. పోగొట్టుకోదగినదేదో, పోగొట్టుకోరానిదేదో గాలి లేని రోజున తేల్చుకొన్నవాడే గాలి రోజున తలుపు దాటగలడు. వాన లేని ఒక ఆదివారం నాడు దుకాణంలో ఒక మారు నడిచి, ప్రతి అర ముందు నిలబడి, 'ఇది పోతే?' అని తన్ను తాను అడగవలెను. కొన్నిటికి జవాబు సులభం: సరుకు పోతే బీమా ఉన్నది, లేక నష్టం ఉన్నది, రెండూ భరించదగినవే. (బీమా పత్రంలో తుపాను, వరద చేరి ఉన్నవో లేవో ఆ ఆదివారమే చదవవలెను. మన వారు దానిని నీళ్ళు దిగిన తరువాత చదువుతారు.) కొన్నిటికి జవాబు కష్టం: తాతగారి చేతివ్రాత ఉన్న పాత చిట్టా పోతే? అట్టిదానిని ముందే మేడ మీదికో, ఎత్తైన ఊరిలో ఉన్న బంధువుల ఇంటికో చేర్చవచ్చును. మిగిలినదంతా మనస్సులో ఒకసారి విడిచిపెట్టవలెను. ఆ రోజు అది కొంచెం బాధగానే ఉంటుంది. ఆ బాధే ముందుగా కట్టిన సుంకం.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది, అది తేలికైనది కాదు. ఇట్లా అన్నిటినీ ముందే మనస్సులో విడిచినవాడు చివరకు దేనిమీదా మమత లేని రాయి అయిపోడా? అనిత్య భావన మనకు క్రొత్తది కాదు. పన్నెండు భావనలలో అదే మొదటిది, చిన్ననాటి నుండి వింటున్నాము. దానిని సరిగా అర్థం చేసుకొన్న పెద్దలు రాళ్ళు కాలేదు, మెత్తబడినారు. వస్తువు నిలవదని తెలిసినవాడికి మనిషి విలువ పెరుగుతుంది. అయితే సిద్ధాంతాన్ని అలమారులో అమర్చిపెట్టుకొన్నంత మాత్రాన అది గాలివాన రాత్రి మన వెంట వస్తుందని నమ్మడానికి లేదు. పాలగుమ్మి పద్మరాజు గారు 'గాలివాన' అన్న కథలో ఈ సంగతినే చూపినారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి అంతర్జాతీయ కథల పోటీలో బహుమతి పొందిన కథ అది. జీవితాన్ని నియమాలతో పకడ్బందీగా దిద్దుకొన్న ఒక పెద్దమనిషికి తుపాను రాత్రి ఆ నియమాలేవీ అక్కరకు రావు. దారిలో చీదరించుకొన్న ఒక బిచ్చగత్తె తోడు అక్కరకు వస్తుంది. మనస్సును సిద్ధపరచుకోవడం అంటే నేను ఒంటరిగా గట్టిపడడం అని అనుకోవడం లేదు. ఆ రాత్రి ఎవరి చేయి పట్టుకోవలెనో, ఎవరికి చేయి అందీయవలెనో తెలిసి ఉండడం కూడా అందులో సగం.

తుపాను కన్ను సంగతి ఇక్కడ చెప్పవలెను. తుపాను నడిబొడ్డు మన ఊరి మీదుగా పోయినట్లయితే, భీకరమైన గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తెరపి ఇచ్చి, కొంతసేపు అంతా ప్రశాంతమవుతుంది. తెలియనివారు అయిపోయిందనుకొని బయటికి వచ్చి రేకులు ఏరుకొంటారు, పిల్లలను వెదుకుతారు. ఇంతలో గాలి ఎదురు దిక్కు నుండి లేస్తుంది. మొదటి గాలికి వదులైన గోడలను రెండవ గాలి పడగొడుతుంది. 2014 అక్టోబరు 12న 'హుద్‌హుద్' విశాఖపట్నం మీదుగా పోయినప్పుడు ఊరిమధ్య ఉన్నవారు ఈ నిశ్శబ్దాన్ని స్వయంగా చూసినారు.

మనిషి మనస్సులో కూడా ఇట్లాంటి కన్ను ఒకటి ఉంటుంది. ఆపద గడచిన మొదటి పది రోజులలో అందరూ వస్తారు. అన్నం పొట్లాలు వస్తాయి, దుప్పట్లు వస్తాయి, మంత్రులు వస్తారు, పత్రికలవారు వస్తారు. అన్నీ పోయినవాడు సైతం ప్రాణం దక్కిందన్న ఉద్వేగంతో ఇతరులకు సాయం చేస్తూ తిరుగుతాడు. 'ఎంత గుండె దిటవు!' అని మనం మెచ్చుకొని ఇంటికి వస్తాం. రెండవ గాలి ఆ తరువాత, మూడవ నెలలో లేస్తుంది. అప్పటికి దుప్పట్లు ఇచ్చినవారు వెళ్ళిపోయి ఉంటారు. పరిహారం జాబితాలో పేరు తప్పి ఉంటుంది. బడి ఫీజు గడువు వచ్చి ఉంటుంది. రాత్రులు నిద్ర ఉండదు. విపత్తుల తరువాతి మనఃస్థితిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఈ ఎగుడుదిగుళ్ళను చాలకాలంగా గుర్తిస్తూనే ఉన్నారు. కాబట్టి పరామర్శకు పోదలచినవారు మొదటి వారంలో పోతే మంచిదే. మూడవ నెలలో మరొక మారు, చేతిలో ఏమీ లేకపోయినా సరే, పోతే ఇంకా మంచిది.

పోయి ఏమనవలెను? పరామర్శ మన సంఘంలో పాత ఆచారం. పెద్దలు పోయి కూర్చునేవారు. చాలసేపు ఏమీ అనేవారు కారు. ఇంటివారు మాట్లాడితే వినేవారు. లేచేముందు 'బియ్యం ఉన్నవా' అని అడిగేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2011లో ఇతర సంస్థలతో కలిసి, ఆపదలో ఉన్నవారికి మానసికంగా చేయవలసిన తొలి సాయం గురించి ఒక పుస్తకం వెలువరించినారు. దాని సారాంశం మూడు మాటలలో ఉన్నది: చూడవలెను, వినవలెను, కావలసిన చోటికి కలుపవలెను. మన ముసలివారి పరామర్శకు ఇది ఎంతో దగ్గర. దీనికి విరుద్ధమైన పద్ధతి ఒకటి పశ్చిమ దేశాలలో 1980, 90 దశకాలలో ప్రబలినది: ఘటన జరిగిన కొద్ది రోజులలోనే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్క కూర్పులో వారి చేత చెప్పించడం. తరువాతి పరిశోధనలలో ఇది మేలు చేయదని తేలినది. కొందరికి కీడు కూడా చేసినది. గాయం మీద గుడ్డ మాటిమాటికీ విప్పి చూడడం మంచిది కాదని వంటింట్లో అమ్మలకు తెలిసినదే గదా. చెప్పదలచినవాడు చెప్పుకోనీయండి. చెప్పనివానిని త్రవ్వకండి.

అనకూడని మాటలు కొన్ని ఉన్నవి. వాటిని మనం చాల సులభంగా అంటాం. 'పోనీలెండి, ప్రాణాలు దక్కినవి' అనేది ఒకటి. అది బాధితుడు తనకు తాను అనుకోవలసిన మాట, మనం అనవలసినది కాదు. 'మీకంటె పై వీధివారికి ఇంకా ఎక్కువ పోయినది' అనేది రెండవది. మూడవదానిని గురించి మాత్రం కొంచెం గట్టిగా చెప్పవలెను: 'అంతా కర్మ, పూర్వజన్మలో చేసుకొన్నది.' కర్మ సిద్ధాంతం మన నమ్మకాలకు పునాది వంటిది, దానితో నాకు పేచీ లేదు. కాని అది మనిషి తన నడవడిని తాను సరిచూసుకోవడానికి ఇచ్చిన అద్దం; ఎదుటివాడి ముఖం మీద పట్టడానికి కాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ఈ మాట అన్నవాడు, బిడ్డ పోవడానికి ఆమెనే కారణం చేసి వస్తున్నాడు. అనిత్య భావన కూడా అంతే. నా ఇల్లు పోయినప్పుడు నేను తలచుకొంటే అది జ్ఞానం. నీ ఇల్లు పోయినప్పుడు నేను నీకు వినిపిస్తే అది నా మనశ్శాంతి కోసం నీ మీద వేసిన బరువు.

దుఃఖపడినవారందరూ రోగులు కారు. నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడడం, ఊరకే కన్నీరు రావడం, ఇవన్నీ మొదటి వారాలలో సహజమైనవే. తిండి, నీడ, అయినవారి జాడ, చేయడానికి ఒక పని దొరికితే ఎక్కువమంది మెల్లగా తేరుకొంటారు. బెంగుళూరులోని 'నిమ్హాన్స్' సంస్థవారు 1999 ఒడిషా తుపాను తరువాత, 2001 గుజరాత్ భూకంపం తరువాత ఈ ధోరణిలోనే పనిచేసి, ఊరిలోని మామూలు కార్యకర్తలకే ఈ విద్య నేర్పించినారు. కాని నెలలు గడిచినా నిద్రపట్టనివాడు, త్రాగుడులోకి జారినవాడు, మాటిమాటికీ 'నేనూ పోయి ఉంటే బాగుండేది' అనేవాడు ఉంటే, వానిని వైద్యుని వద్దకు తీసుకొని పోవలెను. అందులో పరువు సంగతి ఏమీ లేదు. 2022 నుండి కేంద్ర ప్రభుత్వంవారి 'టెలీ మానస్' అనే ఫోను సహాయం ఉన్నది, నంబరు 14416, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

కొన్ని దుఃఖాలకు మాత్రం కాలం కూడా సులభంగా మందు వేయదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా, యానాం, కోనసీమ ప్రాంతాలను తుడిచిపెట్టిన తుపానులో వేటకు పోయిన పడవలు అనేకం తిరిగి రాలేదు. శవం దొరకనివాడు పోయినాడనుకోవడానికి ఆలికి మనస్కరించదు. ఉన్నాడనుకోవడానికి జాడ ఉండదు. బొట్టు తీయవలెనా, ఉంచవలెనా? ఏడేళ్ళు అయినవారెవరికీ కబురు తెలియకపోతే పోయినట్లు భావించవచ్చునని చట్టం అంటుంది. ఏడేళ్ళు! ఆ ఏడేళ్ళలో ఆమెను 'ఇంకా ఎదురు చూస్తున్నావా' అని గాని, 'ఇక మరచిపో' అని గాని అనే అధికారం మనకు లేదు. ఆమెతో పాటు ఆ సందేహంలో కూర్చోవడం తప్ప మరొకటి తోచదు.

పిల్లల విషయం వేరు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయకుని నిమజ్జనం చేసి వచ్చి జనం పడుకొన్న వేళ, మహారాష్ట్రలో లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలను భూకంపం కూల్చినది. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలే నిద్రపోతున్నవారిని చంపినవి. తుపానుకు ఉన్నట్లు భూకంపానికి హెచ్చరిక లేదు. అక్కడ సిద్ధపాటు అంతా గోడ కట్టేనాడే జరగవలెను. అప్పుడు భారతీయ జైన సంఘటన వారు 1,200 మంది పిల్లలను పూనా తీసుకొని వచ్చి చదివించిన సంగతి మహారాష్ట్రలోని మన కుటుంబాలకు తెలిసినదే. ఆ పనిలో నాకు ముఖ్యంగా కనబడేది తిండి, బట్ట కాదు. గంట కొట్టగానే లేవడం, పాఠం, ఆట, దీపాలు ఆర్పే వేళ ఉండడం. లోకమంతా ఒక తెల్లవారుజామున కూలిపోవడం చూసిన పసివాడికి, రేపు ఏడింటికి కూడా గంట మ్రోగుతుందన్న నమ్మకమే ఔషధం.

పెద్దవారికి ఆ గంట వంటిది పని. పని వెనుక అప్పు ఉంటుంది. ఇక్కడనే వ్యాపార కుటుంబాలకు అసలు పరీక్ష. చిత్రమేమంటే, పెద్ద తుపానులు ఎక్కువగా దసరా, దీపావళి నెలలలోనే వస్తాయి; మనం పాత ఖాతాలు ముగించి క్రొత్త పుస్తకం తెరిచే వేళకే వస్తాయి. ఖాతాలో ఒక పేరు ఉన్నది: పడవ పోయినది, వల పోయినది, ఇల్లు పోయినది. వాడు మన దుకాణానికి నాలుగు వేలు బాకీ. ఇప్పుడు ఆ నాలుగు వేలను ఏమి చేయవలెను?

నిలబెట్టి అడగడం అన్యాయం, అది చెప్పనక్కరలేదు. 'మాఫీ చేసినాను పో' అని నలుగురిలో కొట్టివేయడం ధర్మంగా కనబడుతుంది. పత్రికలో కూడా వేస్తారు. కాని తుపాను వరకు వాడు మన ఖాతాదారు. నలుగురిలో మాఫీ చేసిన క్షణం నుండి యాచకుడు. ఆ తరువాత వాడు మన దుకాణం ముందు నుండి నడవడు, ప్రక్క సందులో నుండి పోతాడు. బాకీ పోయినది, దానితో పాటు వాడికి ఊరిలో ఉన్న మాట కూడా పోయినది. మూడవ దారి ఒకటి ఉన్నది; నాకు నచ్చినది అదే. పాత పుటను ముట్టకుండా అట్లాగే ఉంచి, గడువు పెట్టక, వడ్డీ వేయక, దాని ఊసెత్తక, వాడి పేరున క్రొత్త పుట తెరిచి మరల సరుకు ఇవ్వడం. 'నీవు మరల సంపాదిస్తావు' అని వాడితో వేయిసార్లు అనవచ్చును. ఆ మాటను మనం నమ్ముతున్నామని వాడికి తెలిసేది తూకం వేసి చేతిలో పెట్టినప్పుడే. పాత బాకీ సంగతి వాడే ఒకనాడు ఎత్తుతాడు. ఎత్తకపోతే మన నాలుగు వేలు ఉప్పెనలోనే పోయినవనుకోవలె.

కాని దుకాణదారు తానే మునిగి ఉంటే? తన సరుకూ పోయి, తానూ టోకు వర్తకునికి బాకీ పడి ఉంటే, వానిని ఉదారంగా ఉండమనడం ఇతరుల సొమ్ముతో దానం చేయమనడమే. ఈ చిక్కు నిజమైనది. అందుచేతనే ఈ ధర్మం తీరంలోని చిల్లర దుకాణంతో ఆగరాదు. అతనికి సరుకు పంపే బరంపురం టోకువాడు, వానికి పంపే చెన్నై, ముంబయి వారు, నీళ్ళు రాని ఊళ్ళలో ఉన్న మన బంధువులు, ఆ గడువును గొలుసుకట్టుగా ఒకరికొకరు అందించవలెను. సంఘం చేయదగిన పని ఇదని నా అభిప్రాయం; వంద దుప్పట్లు పంచడంకంటె ఇందులో శ్రమ ఎక్కువ, ఫొటో తక్కువ.

ధరల సంగతి కూడా ఒక మాట. తుపాను మరునాడు క్రొవ్వొత్తి, కిరసనాయిలు, పాలు, త్రాగునీరు, టార్పాలిన్ ధరలు ఎక్కడ లేనంతగా పెరగడం అందరూ చూసినదే. ధర పెరిగితేనే సరుకు దూరం నుండి వస్తుందని వాదించేవారు ఉన్నారు. దూరం నుండి లారీ కిరాయి పెట్టి తెప్పించిన సరుకు విషయంలో ఆ వాదంలో కొంత పస ఉన్నది. కాని క్రిందటి నెల కొని అరలో పెట్టిన క్రొవ్వొత్తికి ఏ లారీ కిరాయి పెరిగినది? ఆ రాత్రి చీకటిలో ఆ ధర ఇచ్చినవాడు మరువడు. ఊరు మరల కట్టుకొన్న తరువాత కూడా ఆ దుకాణం మెట్టు ఎక్కినప్పుడల్లా వాడికి ఆ రాత్రి జ్ఞాపకం వస్తుంది.

2018 అక్టోబరు 11న 'తిత్లీ' తుపాను శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టినది. పర్లాకిమిడి పరిసరాలను వరదలో ముంచినదీ అదే తుపాను. కొబ్బరిచెట్టును కన్నకొడుకుతో సమానంగా చెప్పుకొనే నేల అది. క్రొత్త మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అట్టిచోట 'తేరుకోవడం' అంటే తిరిగి పూర్వస్థితికి రావడం కాదు. కాపు లేని ఆరేళ్ళను దాటడం. ఆ ఆరేళ్ళూ ప్రతి అక్టోబరులో ఆకాశం మబ్బుపట్టగానే గుండె దడదడలాడుతుంది, పిల్లవాడు మంచం క్రింద దూరుతాడు. వాడిని నవ్వులాటగా బెదిరించేవారు కొందరు ఉంటారు, అది మానవలెను. వాడి చేతికి టార్చిలైటు ఇచ్చి, 'గాలి వస్తే ఇది పట్టుకొని ముందు నడవవలసినది నీవే' అంటే వాడు మంచం క్రింద నుండి బయటికి వస్తాడు.

అందుకు తగిన రోజు ఏదంటే, దీపావళి అంటే ఆలస్యమే. దసరాకే గాలులు మొదలవుతాయి. భాద్రపదంలో పర్యూషణం ముగిసి, ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి ఒకరినొకరు క్షమాపణలు కోరుకొనే రోజు ఎట్లాగూ ఉన్నది. ఆ సాయంత్రం ఒక అరగంట దీనికి కేటాయిస్తే సరిపోతుంది. రక్షణ భవనమో, ఎత్తైన బంధువుల ఇల్లో ఏదో ఒకటి తేల్చుకొని, కుటుంబం చెదిరిపోతే అందరూ ఫోను చేయవలసిన పై ఊరి బంధువు ఎవరో అనుకొని, దుకాణం చిట్టా చివరి పుటలో వ్రాసిపెట్టుకోవచ్చును. ఆ పుటలో మొదటి వరుసన ఇంట్లో నడవలేనివారి పేర్లు, వాటి ఎదుట వారిని ఎత్తుకొని పోవలసినవారి పేర్లు ఉండవలెను; తరువాత మందులు, తరువాత కాగితాలు; నగల పెట్టె చోటు మిగిలితే చివరి వరుసన.